విమానం పడితే ఇస్తారట, తలుపు తోస్తే ఇవ్వరట

మొన్న మా షాపులో దొంగ పడ్డాడు. కప్పుల మీద, టీషర్టుల మీద ఫొటోలు ప్రింట్ చేసిచ్చే చిన్న యూనిట్ నాది, నేనూ ఒక కుర్రాడూ, అంతే స్టాఫ్. రెండు లాప్‌టాప్‌లు, హీట్ ప్రెస్ మెషీను, ఒక కట్ట తెల్ల టీషర్టులు పోయాయి. కప్పులు మాత్రం పోలేదు. ఎవరిదో ఫొటో గడ్డం దగ్గర కట్టయిపోయి తప్పుగా ప్రింటయిన కప్పులు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, వాడు ఆ పెట్టె టేపు విప్పి, ఒక కప్పు తీసి చూసి, టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. దొంగ కూడా రిజెక్ట్ చేశాడన్నమాట. సరే, అది వేరే బాధ.

పోలీస్ కంప్లయింట్, క్లెయిమ్ ఫారం, అవన్నీ అయ్యాయి. నిన్న నష్టం చూసి రిపోర్టు రాయడానికి ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ గారు వచ్చారు. కథ అక్కడే ఉంది, కానీ ముందు నాకు పాలసీ అమ్మిన ఏజెంటు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పాలసీ తీసుకునేటప్పుడు ఈయన అరగంట సేపు నాకు చరిత్ర చెప్పాడు. 1666లో లండన్‌లో ఒక బేకరీలో నిప్పంటుకుంది సార్, బేకరీ అంటే ఏంటి, మీలాంటి చిన్న వ్యాపారమే, నాలుగు రోజులు ఊరు తగలబడింది, పదమూడు వేల ఇళ్లు పోయాయి, ఆ దెబ్బతోనే ఫైర్ ఇన్సూరెన్స్ వ్యాపారం పుట్టింది సార్, అని. నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ వేడిలో ఫైర్ పాలసీ తీసుకున్నా, దాంట్లో పిడుగు, తుఫాను, వరద, అల్లర్లు అన్నీ ఉన్నాయి, పైగా భూకంపం కూడా కలిపించుకున్నా. ఒక లైన్లో అయితే విమానాలు, అంతరిక్ష పరికరాలు, వాటి నుంచి జారిపడే వస్తువులు అని కూడా ఉంది. ఆ లైను మా ఆవిడకి చదివి వినిపించా, చూశావా, ఉపగ్రహం వచ్చి మన షాపు మీద పడ్డా మనకి ఢోకా లేదు అని. తను, మరి దొంగ పడితే? అంది. ఆడవాళ్లకి ఎప్పుడూ చిన్న ఆలోచనలే అని మనసులో అనుకుని (పైకి అనలేదు, దానికి వేరే కవరేజ్ కావాలి) బర్గ్లరీ కూడా తీసుకున్నా.

అక్కడ ఇంకో చిన్న గడి ఉంది, థెఫ్ట్ ఎక్స్‌టెన్షన్ అని, కాస్త ప్రీమియం ఎక్కువ. ఇదేంటండీ, బర్గ్లరీకీ థెఫ్ట్‌కీ తేడా ఏంటి అని అడిగా. నిజంగా అడిగా. "రెండూ దొంగతనమే కద్సార్, అన్నీ కవరయిపోతాయి" అన్నాడు. తెలుగులో రెండిటికీ ఒకటే మాట కాబట్టి నేనూ నమ్మి ఆ గడి కొట్టేయించా. లండన్ గురించి అరగంట, దీని గురించి అర నిమిషం.

ఇక నిన్న. సర్వేయర్ గారు చాలా మర్యాదస్తుడు. వచ్చీ రాగానే "బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాళ్లు చూపించండి" అన్నారు. నేను ఉత్సాహంగా తాళం చూపించా. పొద్దున నేను వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది, తాళం మాత్రం రోజూ వేసే రింగుకే వేసి, చెక్కు చెదరకుండా వేలాడుతోంది. అందుకని నా అంచనాలో ఈ దొంగ మామూలోడు కాదు. తాళం తీసి, పని చూసుకుని, పోతూ పోతూ మళ్లీ తాళం వేసి వెళ్లాడంటే ఎంత నిబ్బరం ఉండాలి. రెండ్రోజులుగా అందరికీ ఇదే చెప్తున్నా, పోలీసాయనకి కూడా చెప్పా, ఆయన రాసుకోలేదు ఎందుకో.

సర్వేయర్ గారు గడప దగ్గర గొంతుక్కూర్చుని, ఫోన్ టార్చి వేసి, ఎక్స్‌రే చూసే డాక్టర్లా తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు. షాపంతా నిశ్శబ్దం, కుర్రాడు కూడా ఫోన్ పక్కన పెట్టేశాడు. చివరికి ఆయన మొహం కొంచెం వెలిగింది, "ఈ గీత ఏంటండీ, కొత్తదా?" అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషి నా తరఫున ఏదో ఒకటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడని అర్థమవుతోంది, కానీ నిన్న నాకు అర్థం కాలేదు, నాకు తాళం పరువు ముఖ్యమైపోయింది. అబ్బే, అది చీకట్లో నా తాళంచెవే గీసుకుపోయిందండీ, ఎప్పటిదో, ఈ తాళం చాలా గట్టిది, నేనే ఏరి కొన్నా, సుత్తితో కొట్టినా ఏమీ కాదు అని చెప్పా. ఆయన ఆ మాటలన్నీ రాసుకున్నారు.

"పోనీ వెళ్లేటప్పుడు ఏమైనా పగలగొట్టాడా? బయటికి పోవడానికి బలవంతం చేసినా లెక్కే" అన్నారు. లేదండీ, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు అన్నా. ఎవరో బంధువు గురించి చెప్తున్నట్టు అన్నా.

అప్పుడు ఆయన తాళంచెవి అడిగి తీసుకున్నారు. తాళం తీశారు. గొళ్లెం పెట్టి, దాంట్లోంచి తాళం వేసి, తలుపు తోశారు, రాలేదు. "మీరు రోజూ ఇలాగే వేస్తారు కదా" అన్నారు. అవునండీ అన్నా. మళ్లీ తాళం తీశారు, గొళ్లెం వెనక్కి లాగేశారు, ఖాళీ రింగుకి తాళం వేశారు, తలుపు మీద ఒక్క వేలు పెట్టారు. తలుపు తెరుచుకుంది. తాళం మాత్రం పొద్దున నేను చూసినట్టే, అదే పొజిషన్లో, అదే గర్వంతో వేలాడుతోంది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తాళం వేసితివి గొళ్లెం మరచితివి అని చిన్నప్పట్నుంచీ వింటున్నా, ఎవడో వెర్రివాడి గురించి అనుకునేవాణ్ణి. నా మేధావి దొంగ కాస్తా ఒక్క క్షణంలో తలుపు తోసుకుని వచ్చిన మామూలు మనిషి అయిపోయాడు, ఎందుకో ఆ బాధే నాకు ఎక్కువనిపించింది. కుర్రాడు నవ్వాపుకోలేక కప్పుల పెట్టె వెనక్కి వెళ్లాడు.

సర్వేయర్ గారు ఎంతో నెమ్మదిగా చెప్పారు, పగలగొట్టి వస్తే బర్గ్లరీ, ఇలా వస్తే వట్టి థెఫ్ట్, అది మీరు తీసుకోలేదు. పని ఆగిపోయింది కదండీ, ఆ నష్టానికి బిజినెస్ ఇంటరప్షన్ అని తీసుకున్నా కదా అన్నా. అది మీరు ఫైర్ పాలసీకి తగిలించుకున్నదండీ, మంటలాంటివాటితో ఆగితేనే అన్నారు. పోనీ ఇంట్లో దొంగ అయితే అని నేనూ ఆయనా ఒకేసారి పెట్టె వైపు చూశాం, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని ఇంకోటి ఉందట, అదీ లేదు, పెట్టె వెనక నవ్వు ఆగింది. ఇంకా వినండి, ప్రీమియం తగ్గుతుందని నేను సరుకు విలువ వందకి అరవైగానే చూపించాను (ఐడియా నాది, తలూపింది ఏజెంటు), కాబట్టి ఒకవేళ క్లెయిమ్ వచ్చినా ప్రతి వంద నష్టానికీ అరవయ్యే ఇచ్చేవాళ్లట, ఏవరేజ్ క్లాజ్ అంటారట. రాని డబ్బులో కూడా కోత అన్నమాట.

ఏజెంటుకి పదకొండు సార్లు ఫోన్ చేశా. ఎత్తలేదు. చివరికి మెసేజ్ పెట్టాడు, మీటింగ్‌లో ఉన్నా సార్ అని. ఎవరికో లండన్ తగలబెడుతున్నాడు.

రాత్రి షాపు మూసేటప్పుడు కుర్రాడు "అన్నా, గొళ్లెం" అన్నాడు. కసిరా. మెట్లు దిగాక మళ్లీ "అన్నా, గొళ్లెం పెట్టావు కదా" అన్నాడు. పెట్టాను రా, నీ ఎదురుగానే పెట్టాను, రెండుసార్లు లాగి చూశాను అని అరిచి, ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, మా ఆవిడ మొహం చూసి, మళ్లీ చెప్పులేసుకుని షాపుకి వెళ్లా.

గొళ్లెం పెట్టే ఉంది. తాళం నా జేబులో ఉంది.