బేస్‌బాల్ బ్యాట్ బుడిపె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బేస్‌బాల్ బ్యాట్ అడుగున వెలసిన గుండ్రని బుడిపె గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. అరచేతిలో ఎముక విరిగి కట్టు కట్టించుకున్నవాళ్ళు తప్ప.

మీకు పోటీగా గొడ్డలి పిడి ఒకటి బయల్దేరిన సంగతి మీ చెవిన పడే ఉంటుంది. కోలగా ఉండి, చివర ఏటవాలుగా కోసినట్టుండే ఆ పిడిని కొత్తగా చూసినవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. రూల్స్ ఒప్పుకుంటాయా? ఎన్నాళ్ళు మన్నుతుంది? న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే వాటిని మిమ్మల్ని అడిగినవాళ్ళు కనబడలేదు. ముందొచ్చిన పెద్దలు కదా, మొహమాటపడి ఉంటారు. నాకా మొహమాటం లేదు.

ముందు రూల్స్ సంగతి. అమెరికాలో బేస్‌బాల్ పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ నిబంధన 3.02 ప్రకారం బ్యాట్ అంటే నున్నని గుండ్రని కర్ర. బాగా లావైన చోట అడ్డకొలత 2.61 అంగుళాలు దాటకూడదు, పొడవు 42 అంగుళాలు మించకూడదు, ఒకే ఘనమైన చెక్కలోంచి తీసినదై ఉండాలి. పిడి చివరి నుంచి 18 అంగుళాల దాకా పట్టు కోసం ఏదైనా పూసుకోవచ్చు, చుట్టుకోవచ్చు. ఇందులో మీ పేరు కోసం కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాను. ఎక్కడా లేదు. అంటే మీరిన్నాళ్ళూ కూర్చున్నది ఎవరూ వేయని కుర్చీలో.

మీరు లేకపోతే చెయ్యి జారిపోతుందని మీ అభిమానులు అంటారు. వాళ్ళకి పాతకాలపు ఆటగాడు రాబర్టో క్లెమెంటే గారిని గుర్తుచేస్తాను. పిడి చివర కొద్దిగా వెడల్పవుతూ పోయే, బుడిపె లేని యూ1 రకం బ్యాట్ ఆయనకి ఇష్టం. మేజర్ లీగ్‌లో ఆయన కొట్టిన హిట్లు సరిగ్గా 3,000. అన్నిట్లోనూ మీ సేవలు లేకపోయినందుకు ఆయన బెంగపెట్టుకున్నట్టు దాఖలాలు లేవు.

ఇక "గుండ్రని" అన్న మాటంటారా, దాని మీద మీరు హక్కు చెప్పుకోకండి. 1885లో బ్యాట్‌కి ఒకవైపు చదునుగా ఉన్నా ఫరవాలేదన్నారు, 1893లో వద్దన్నారు. ఆ మధ్యలో 1890లో ఎమీల్ కిన్‌స్ట్ అనే ఆయన ఏకంగా వంకర తిరిగిన బ్యాట్‌కే పేటెంట్ తెచ్చుకున్నాడు. గొడవంతా బంతి తగిలే చోటు గురించే, చెయ్యి పట్టే చోటు గురించి కాదు. అందుకే గొడ్డలి పిడి మేజర్ లీగ్‌లోకి దర్జాగా నడిచొచ్చింది. 2015లో డస్టిన్ పెడ్రోయా అనే ఆటగాడు పట్టాడు. 2018లో మూకీ బెట్స్ దాన్నే పట్టి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి ఎగరేసుకుపోయాడు.

చెయ్యి పట్టే చోటు మీద ఒక్కసారి మాత్రం పెద్ద రగడే జరిగింది. 1983 జులై 24, న్యూయార్క్‌లో యాంకీస్ జట్టు మైదానం యాంకీ స్టేడియం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కాన్సస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ (బంతిని మైదానం అవతలికి పంపే దెబ్బ) కొట్టి వెళ్ళి కూర్చున్నాడు. అవతలి జట్టు యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ వచ్చి, పట్టు కోసం పూసే దేవదారు తారుని బ్యాట్‌కి 18 అంగుళాలు దాటి పూశాడని ఫిర్యాదు చేశాడు. అంపైర్ దగ్గర టేపు లేదు. బ్యాటర్ పక్కన నేల మీద ఉండే 17 అంగుళాల హోమ్ ప్లేటుకి అడ్డంగా బ్యాట్ పడుకోబెట్టి కొలిచి, తారు హద్దు దాటిందని అవుట్ ఇచ్చాడు. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోంచి కళ్ళు నిప్పులు కురిపిస్తూ బ్రెట్ దూసుకొచ్చిన ఆ దృశ్యం ఇవాళ్టికీ జనం మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నారు. అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పు కొట్టేశాడు, మిగిలిన ఆట ఆగస్టు 18న ఆడించారు, కాన్సస్ సిటీ 5-4తో గెలిచింది. ఇప్పుడైతే తారు హద్దు మీరితే బ్యాట్ పక్కన పెట్టిస్తారు, అంతే. ఇంత రాద్ధాంతం నడుస్తున్నప్పుడు తమరు అదే కర్ర చివర ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. తారు వల్ల మహా అయితే బంతి మాసిపోతుంది. మీ వల్ల ఏమవుతుందో చెప్పనా?

చిటికెన వేలి వైపు, అరచేయి మణికట్టును కలిసే చోట హేమేట్ అని ఒక చిన్న ఎముక ఉంది. దాని మీద అరచేతి వైపుకి కొక్కెంలాంటి ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది. బ్యాట్ విసిరినప్పుడల్లా, పిడి అడుగున పట్టిన చేతిలో, మీరు సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటారు. మధ్యలో ఆపబోయిన స్వింగ్ అయితే మరీ గట్టిగా. ఒకరోజు టప్‌మంటుంది. చాలాసార్లు ఆ ముక్కని కోసి తీసేయడమే వైద్యం. పాబ్లో సాండోవల్ అనే ఆటగాడు కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాడు కాబట్టి అతని రెండు చేతులూ వంతులవారీగా మీ దగ్గరికొచ్చాయి. 2011లో కుడి చేతి హేమేట్ విరిగింది, 2012లో ఎడమది. పక్షపాతం చూపించారన్న నింద మాత్రం మీ మీద వేయలేం. గొడ్డలి పిడి చేసిన నేరమల్లా, ఆ చోట మిమ్మల్ని చెక్కేసి అరచేతికి కాస్త ఊపిరాడనివ్వడం.

మన్నికకొస్తే, బ్యాట్ విరిగే జబ్బు ఎక్కువగా పిడిలోనే ఉంది, పిడి ఆకారంలో కంటే చెక్క నారలో ఉంది. 2008లో మేపుల్ బ్యాట్లు ముక్కలై మైదానంలో ఎగురుతుంటే కారణం వెతికారు. పిడి దగ్గర నార నిలువుగా సాగకుండా ఏటవాలుగా పోవడమే ముఖ్య కారణమని తేలింది. అప్పటి నుంచి మేపుల్ పిడి మీద ఒక సిరా చుక్క పెడుతున్నారు. సిరా నార వెంట పాకుతుంది. ఆ గీత 3 డిగ్రీల కంటే పక్కకి పోతే ఆ చెక్క పనికిరాదు. చుక్క సిరాతో కర్ర జాతకం తేల్చేయడం నాకు భలే నచ్చింది. ముక్కలయ్యే బ్యాట్లు సగానికి పైగా తగ్గాయి. చెక్క ఏ ముఖాన బంతి తగలాలన్నదీ ముఖ్యమే. గుండ్రని పిడి చేతిలో ఎటైనా తిరిగిపోతుంది, బ్యాట్ మీది కంపెనీ ముద్ర ఎటుందో ఆటగాడే చూసుకోవాలి. గొడ్డలి పిడి ఒక్కలాగే చేతికి ఒదుగుతుంది, కాబట్టి తగలాల్సిన ముఖం తయారీలోనే ఖాయం చేయొచ్చు.

అలాగని దానికి హారతి పట్టడం లేదు. అల్యూమినియం బ్యాట్లని, కార్బన్ నారతో చేసే కాంపోజిట్ బ్యాట్లని కొట్టి కొట్టి ఒకేచోట అరగకుండా మధ్యమధ్య కాస్త తిప్పుకోమంటారు. గొడ్డలి పిడికి ఆ వీలు లేదు, దెబ్బలన్నీ ఒకే చెంప మీద పడాలి. ఆ చెంపని దిట్టంగా చేశామని తయారీదారులు చెప్తారు. చెప్పరూ మరి, అమ్ముకోవాలి కదా. కోల పిడి అంచుల దగ్గర గ్రిప్ టేపు ముడతలు లేకుండా చుట్టడం కూడా ఓపికున్న పని.

అన్నట్టు, 2025లో యాంకీస్ ఆటగాళ్ళు కొందరు, లావు భాగం పిడి వైపుకి జరిగిన టార్పెడో బ్యాట్లు పట్టిన ఒక ఆటలో ఆ జట్టు 9 హోమ్ రన్లు బాదినప్పుడు కూడా లోకమంతా లావు భాగాన్నే అనుమానంగా చూసింది. కొలిస్తే 2.61 లోపే ఉంది, గొడవ సద్దుమణిగింది. కాలేజీ బ్యాట్ల మీద 2011 నుంచి ఉన్న బీబీకార్ ముద్ర కూడా లావు భాగం బంతిని ఎంత గట్టిగా తిప్పికొడుతుందన్నదాని గురించే. ఈ కొలబద్దలేవీ మీ దాకా రావడం లేదు.

కనుక తమరే పెద్దమనసు చేసుకుని, అరచేతి వైపు కాస్త తగ్గి కూర్చుంటారేమో ఆలోచించగలరు. జవాబు రాయదలిస్తే పిడి మీదే రాయండి, ఫరవాలేదు. 18 అంగుళాలు దాటకుండా చూసుకోండి, బ్యాట్ పక్కన పెట్టిస్తారు.

చిత్తగించవలెను.