మంచు కురిపించే ప్రాజెక్టు

2008 ఎండాకాలంలో మా బామ్మర్ది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్లి 8800 జీటీ గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చాడు. మావయ్యకి చెప్పిన కారణం కాలేజీ ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు పేరు క్రైసిస్.

జర్మనీకి చెందిన క్రైటెక్ తయారుచేసిన ఈ గేమ్ 2007 నవంబర్‌లో వచ్చింది. మామూలు కంప్యూటర్లు దీన్ని మోయలేకపోయేవి. అందుకే అప్పట్లో ఎవరు కొత్త కంప్యూటర్ కొన్నా కుర్రాళ్లు ధర అడిగేవారు కాదు, "క్రైసిస్ ఆడుతుందా?" అనేవారు.

నల్లకుంటలో వాళ్ల అద్దింటి ముందుగదిలో ఆట మొదలైంది. హీరో చీకట్లో విమానంలోంచి ఓ దీవి మీదకి దూకాడు. కాసేపటికి తెల్లారింది. ఆకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా దిగింది. గోరుచిక్కుడు తుంపుతున్న అత్తయ్య చేటతో సహా వచ్చి కూర్చుంది.

"ఏ ఊరురా ఇది?"

"గేమ్ అమ్మా."

"చాల్లే. సముద్రం కనబడుతుంటేనూ!"

ఇంతలో వాడు పేల్చిన గుళ్లు తగిలి ఓ చెట్టు మధ్యకి విరిగి పడింది. అత్తయ్య ప్రాణం ఉసూరుమంది. "పచ్చటి చెట్టురా, చేతులెలా వచ్చాయి?" ఒడ్డున తాబేలును పట్టుకుని విసిరినప్పుడైతే వీపు మీద ఒకటి పడింది కూడా. ఆ తర్వాత పాపం చెట్లకీ తాబేళ్లకీ దెబ్బ తగలకుండా యుద్ధం చేయాల్సొచ్చింది.

హీరోకి నానోసూట్ ఉంటుంది. బలం, వేగం, కవచం, మాయమైపోవడం, అన్నీ అందులోనే. కథ జరిగేది 2020లో. (ఆ ఏడు మనకి దక్కింది మాస్కు.) మాయమై నాలుగడుగులు పరిగెత్తేసరికి ఛార్జింగ్ అయిపోయి, మావాడు సరిగ్గా శత్రువు ముక్కు ముందే ప్రత్యక్షమయ్యేవాడు. అయినా సరే, ఎటునుంచైనా వెళ్లి ఎలాగైనా కొట్టొచ్చన్న ఆ అడవి భాగమే అసలు ఆట. సగం దాటాక గ్రహాంతరవాసుల ఓడలోకి తోసేస్తారు. అక్కడ బరువుండదు, గాల్లో తేలడమే.

"పైకి పోవాలా, కిందకా?" అన్నారు మావయ్య.

"ఏది పైనో తెలిస్తే కదా నాన్నా!"

అత్తయ్య చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బయటికొచ్చేసరికి దీవంతా గడ్డకట్టి ఉంది. కొమ్మకొమ్మకీ మంచు. ఆ మాట చెవిన పడగానే మే నెల ఉక్కలో వేగుతున్న ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు చేరారు. వేడికి సీపీయూ పక్క రేకు ముందే ఊడదీశాడేమో, స్క్రీన్ మీద చలి పెరిగేకొద్దీ గదిలో వడగాలి పెరిగింది. మావయ్య కూలర్ వేశారు. ఆఖరి పోరాటం విమానవాహక నౌక మీద. మావాడు మౌస్ మీదకి వంగిపోయి ఉండగా, లోపల మా ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్ వేసింది.

టప్.

కింద వాటాతో పాటు పైన ఓనర్ గారి టీవీ కూడా ఆగింది. సీరియల్ వేళ. ఆయన ఓ చేత్తో టార్చి, ఓ చేత్తో ఫ్యూజు తీగ పట్టుకుని దిగారు.

"ఏసీ ఏమైనా పెట్టించారా మాస్టారూ?"

"అబ్బే, మావాడి కాలేజీ ప్రాజెక్టండీ."

"ఏం ప్రాజెక్టు?"

"మంచు కురిపిస్తున్నాడండీ" అంది అత్తయ్య, కొంగుతో విసురుకుంటూ.

ఓనర్ గారు టార్చి వేసి, చెమటలు కారుతున్న మా మొహాలన్నీ వరసగా చూశారు.