కొలెస్ట్రాల్ జీరో అంట!

తిరుపతిలో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్: "ఈ నూనెలో కొలెస్ట్రాల్ జీరో, ట్రాన్స్‌ఫ్యాట్ జీరో. ఎ, డి విటమిన్లు ఉన్నాయి. అచ్చం గానుగ శెనక్కాయ నూనె రుచి, అదీ సగం ధరకే. అబద్ధమైతే గవర్నమెంటు ఊరుకుంటుందా? గుండె జబ్బున్నవాళ్లు కూడా ఎంతైనా వాడొచ్చు. పదిమందికీ పంపండి." పంపారు కదా, ఇంక చాలు.

గుండె జబ్బున్నవాళ్లు "ఎంతైనా వాడొచ్చు" అన్న మాటతోనే మొదలుపెడదాం, ప్రాణం మీదికి తెచ్చేది అదే కాబట్టి. కొలెస్ట్రాల్ జీరో, ఒప్పుకున్నాం. శెనక్కాయ నూనెలో లేదు, పామాయిల్లో లేదు, కొబ్బరినూనెలో లేదు, కల్యాణి డ్యాం నీళ్లలోనూ లేదు. ఎముకల్లేని వంకాయలు అని బోర్డు పెట్టి అమ్మితే నవ్వుతాం. నూనె ప్యాకెట్ మీద అదే పని చేస్తే ఫార్వర్డ్ చేస్తాం.

రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయం తయారుచేసుకునేదే. అందులో చెడ్డదాన్ని పెంచేది తిండిలోని సంతృప్త కొవ్వు. ప్యాకెట్ వెనక్కి తిప్పి "సాచురేటెడ్ ఫ్యాట్" అన్న వరస చూడండి. 100 గ్రాములకు శెనక్కాయ నూనెలో సుమారు 17 నుంచి 20 గ్రాములుంటుంది, పామోలిన్‌లో 40 దాటుతుంది, కొబ్బరినూనెలో 90 దగ్గరుంటుంది. కొలెస్ట్రాల్ మాత్రం మూడింటికీ అదే జీరో. కేలరీలూ మూడింటికీ 900. ఒక టీస్పూను నూనె అంటే 40 కేలరీలు. స్టెంటు వేయించుకున్న మనిషి "ఎంతైనా" అన్న మాట పట్టుకొని పూరీలు, ఉద్దివడలు మళ్లీ మొదలుపెట్టాడనుకోండి. ప్యాకెట్ మీద ఒక్క అబద్ధమూ లేకుండానే మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కుతాడు.

గవర్నమెంటు ఊరుకోదన్నది నిజమే. "డబుల్ రిఫైన్డ్", "యాంటీ కొలెస్ట్రాల్" లాంటి మాటలు నూనె లేబుల్ మీద ఉండకూడదని నిబంధనల్లోనే ఉంది. అబద్ధం రాయనివ్వడం లేదు కాబట్టే, ఎందుకూ పనికిరాని నిజాన్ని అంత పెద్దక్షరాల్లో అచ్చేస్తున్నారు.

గుండెకు చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ ప్రధానంగా వనస్పతి తెచ్చిన తంటా. 2022 జనవరి నుంచి ఏ నూనెలోనైనా కొవ్వులో 2 శాతం మించకూడదన్నది అందరికీ ఉన్న రూలే. ఇందులో వీళ్ల గొప్పేముంది?

"గానుగ రుచి" దగ్గర కాసేపు ఆగాలి. రుచి అన్నారు గానీ నూనె అనలేదు, గమనించారా? ముందువైపే బ్రాండ్ పేరు కింద చిన్నక్షరాల్లో "మల్టీ సోర్స్" అని, అంటే వేర్వేరు నూనెల మిశ్రమమని ఉంటుంది, పక్కన ఏ నూనె ఎంత శాతమో ఉంటుంది. కలిపిన ఒక్కో నూనె బరువులో 20 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. అంటే అందులో 80 పాళ్లు వేరే నూనె, 20 పాళ్లే శెనక్కాయ నూనె కావచ్చు.

నిజం గానుగదో కాదో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. మంచి గింజల్లో నూనె సగానికి దగ్గరగా ఉంటుంది, గానుగలో చేతికొచ్చేది 40 శాతం లెక్కన. మిగతాది పిప్పిలో, అంటే చెక్కలో ఉండిపోతుంది. లీటరు నూనె బరువు 910 గ్రాములు, కాబట్టి లీటరుకు దాదాపు 2.3 కిలోల గింజలు పడతాయి. మీ వీధి కొట్లో గింజల ధర అడిగి 2.3తో గుణించండి. చెక్క అమ్మితే వచ్చేది తీసేయండి. అందులో సగానికే నూనె ఇస్తున్నాడంటే ఆయన దాత అయినా అయ్యుండాలి, లేకపోతే అది శెనక్కాయ నూనె కాకనైనా పోవాలి.

విటమిన్ల సంగతి. దీన్నీ కొట్టిపారేద్దామనే ఉంది గానీ లెక్క ఒప్పుకోవడం లేదు. విటమిన్లు కలిపారని చెప్పే +ఎఫ్ గుర్తున్న నూనెలో గ్రాముకు 0.11 నుంచి 0.16 మైక్రోగ్రాముల డి విటమిన్ ఉండాలి. రోజుకు 20 గ్రాములు వాడితే 2 నుంచి 3 మైక్రోగ్రాములు ఒంట్లోకి పోతుంది. రోజుకు కావలసింది 15. పగలంతా ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఇది చిన్న సాయం కాదు. ఈ ఒక్క పాయింటు మెసేజ్‌దే. కాకపోతే +ఎఫ్ గుర్తు వేరే కంపెనీల ప్యాకెట్ల మీదా ఉంటుంది.

ఇక ఆ సగం ధర. ప్యాకెట్ ఎత్తు చూసి లీటరే అనుకోకండి, 800 గ్రాములవీ 850వీ అదే సైజులో దొరుకుతాయి. మెసేజ్‌లో "సగం ధర" అని ఉంది. బరువు మాత్రం లేదు.