హంద్రీలో పారేది మన వంటింటి నీళ్లే

వేసవిలో ఒకసారి కర్నూలు హంద్రీ వంతెన మీద ఆగి కిందికి చూడండి. ఎగువ నుంచి చుక్క నీరు రాకపోయినా మధ్యలో నల్లటి పాయ ఒకటి పారుతూనే ఉంటుంది, దాని మీద అక్కడక్కడా తెల్లటి నురగ. ఆ పారేదంతా మన ఇళ్లలోంచి వచ్చిందే.

మురుగు అనగానే మనకు మరుగుదొడ్డే గుర్తొస్తుంది, సెప్టిక్ ట్యాంకు కట్టించాం కదా, ఇక మనకేం సంబంధం అనుకుంటాం. కానీ ట్యాంకులో ఆగేది అడుగున పేరుకునే మడ్డి మాత్రమే. పైన తేరిన నీళ్లు చాలా ఇళ్లలో పైపు గుండా వీధి కాలువలోకే పోతాయి, అందులో అమ్మోనియా, ఫాస్ఫరస్, రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. ఇక సింకు, స్నానాలగది, వాషింగ్ మెషీన్ నీళ్లకు ఆ ట్యాంకు కూడా లేదు, నేరుగా కాలువే.

మా చిన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి కుడితి తొట్టిలో పోసేవాళ్లు, సాయంత్రానికి పక్కింటి ఎనుము తాగేసేది. ఇప్పుడు అదే గంజి గిన్నెల జిడ్డుతో, సబ్బు నీళ్లతో కలిసి హంద్రీకి చేరుతోంది. చూడ్డానికి తెల్లగా, ఏ హానీ లేనట్టుండే ఆ గంజిని అరిగించుకోడానికి సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి. చేపలు చచ్చేదీ, కంపు పుట్టేదీ అందుకే. ఈ ఆక్సిజన్ అవసరాన్నే బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇళ్ల మురుగులోనేమో మామూలుగా 200 నుంచి 300 దాకా ఉంటుంది. అంటే ఒక్క లీటరు మురుగు ఆ స్థాయికి పలచబడాలంటే దాదాపు 80 లీటర్ల మంచినీళ్లు కలవాలి! మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఇస్తే అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది, నలుగురున్న ఇంటి నుంచి సుమారు 430 లీటర్లు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయే మన సీమ వంకలకు అన్ని మంచినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పైగా హంద్రీ కలిసేది తుంగభద్రలో, అక్కణ్ణుంచి శ్రీశైలం జలాశయానికి.

అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, మురుగును శుద్ధిచేసే కేంద్రాలు (ఎస్‌టీపీలు) రావాలి, అందులో వాదనే లేదు. అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే నాకు బాధ. నల్లరేగడిలో ఇంకుడు గుంత సరిగా పనిచేయదు, నిజమే. కానీ కాలువ హంద్రీలో పడే చోట కంకర పరిచి జమ్ము పెంచి, కొంతైనా శుభ్రపడేలా ఆ నీళ్లను నిదానంగా దాని గుండా పంపొచ్చు కదా? ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే ట్యాంకు అవుట్‌లెట్ ఎక్కడికి పోతోందో, సింకు దగ్గర జిడ్డు ఆపే చిన్న తొట్టి ఉందో లేదో చూడాలి. ఈలోగా నూనె మూకుడును తోమే ముందు పాత పేపరుతో తుడిచి చెత్తబుట్టలో వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మా ఇంట్లో మొదలుపెట్టాం.