ఎనిమిదో 'ప్లీజ్' ఎక్కడ?

మొన్న ఒక కాలేజీ వాళ్ల జాతీయ సెమినార్‌కి పిలిస్తే బుద్ధి గడ్డి తిని వెళ్లాను. ఆధునిక కథానికలో నిర్మాణం, శిల్పం అట విషయం. బలైన కథ 1927లో అచ్చయిన, అమెరికన్ రచయిత హెమింగ్వే రాసిన 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్'. స్పెయిన్‌లో ఎబ్రో నది లోయ, ఓ రైల్వే జంక్షన్, మాడిపోయే ఎండ, బార్సిలోనా రైలు రావడానికి ఇంకా 40 నిమిషాలు. ఒక అమెరికన్, అతనితో జిగ్ అనే అమ్మాయి. గర్భం తీయించుకోమని అతను నస పెడుతుంటాడు, ఆ మాట మాత్రం కథలో ఒక్కసారి కూడా రాదు.

మొదటి స్లైడే త్రిభుజం. త్రిభుజం లేకపోతే అది విశ్లేషణ ఎలా అవుతుంది లెండి! కథ మెల్లగా పైకెక్కి, శిఖరం తాకి, కిందికి దిగుతుందని 1863లో ఫ్రైటాగ్ అనే జర్మన్ ఆయన ఐదంకాల నాటకాలకని చెప్పిన లెక్కని తెచ్చి, ఇద్దరు కూర్చుని తాగే నాలుగు పేజీల కథ నెత్తిన బోర్లించారు. మొదటి బీరు ఆరంభం, అనీస్ అనే ఆ సోంపు మందు సంఘర్షణ, రెండో బీరు క్లైమాక్స్.

తర్వాత మంచుకొండ. మంచుకొండలో ఎనిమిదో వంతే నీళ్ల పైన ఉంటుంది, రాత కూడా అలాగే ఉండాలి అని 1932లో హెమింగ్వే అన్నాడు, అదే ఆయన చేసిన పాపం. కథలో జిగ్ విసిగిపోయి 'ప్లీజ్' అని వరసగా ఏడుసార్లు అని, ఇక మాట్లాడటం ఆపమంటుంది. ఏడు! నీళ్లలో మునిగిందీ ఏడు వంతులే అని తేల్చారు వక్తగారు! హాలంతా నిశ్శబ్దం. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మరి ఎనిమిదో ప్లీజ్ ఎక్కడండీ?" అన్నారు. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని, కాసేపాగి తెరిచి, "అది పాఠకుడి మనసులో ఉంది" అన్నారు. చప్పట్లే చప్పట్లు. ఆ ఊపులో, బార్ గుమ్మానికి వేలాడే పూసల తెరలో అమ్మాయి పట్టుకున్నవి రెండు పేటలే కాబట్టి ఇది ద్వైతమా, విశిష్టాద్వైతమా అని చర్చ లేచి, సమోసాలు పూర్తిగా చల్లారాక గానీ తెమల్లేదు.

అయ్యా, ఆ తెర మీద ఏం రాసుందో అతను చదివి చెబితే తప్ప ఆమెకి తెలీదు. రైలు ఐదు నిమిషాల్లో వస్తుందని బార్ ఆవిడ అంటే అదీ అతనే చెప్పాలి, ఎందుకంటే ఆమెకి ఆ భాష రాదు. నిర్మాణం ఇక్కడుంది. ఎవరు ఏ గొంతుతో అన్నారో రచయిత దాదాపుగా చెప్పడు, ఎవరి మనసులోకీ దూరడు. చివర్లో అతను ఒక్కడే బార్‌లో ఓ గ్లాసు తాగుతూ చుట్టూ చూస్తే, అందరూ 'సబబుగా' రైలు కోసం ఎదురుచూస్తున్నారట. ఎవరిదా మాట? రచయితది కాదు, వాడిది! సబబుగా లేనిది ఆ అమ్మాయి ఒక్కతే అని వాడి లెక్క. రోజంతా పేపర్లు చదివారే, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ మాట దగ్గర ఆగలేదు. నోరు మూసుకోమని ఒక పిల్ల ఏడుసార్లు బతిమాలితే, దాన్ని 'పునరుక్తి, రెండు మార్కులు' అని పిల్లల చేత రాయించడానికి సిగ్గుండక్కర్లా? వినకపోవడంలో వాడికీ వీళ్లకీ తేడా ఏంటి?

సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే, 'సలహాలు' అన్న చోట ప్లీజ్ అని ఏడుసార్లు రాసి ఇచ్చి వచ్చాను. నిన్న ఫోన్ చేశారు. వచ్చే నెల ఎనిమిదోదాని మీద పేపర్ చదవాలట.