వాన అడగని పంట

అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసి మబ్బుకేసి చూస్తున్న రైతు సోదరులకు విన్నపం. చుక్క వాన లేకున్నా 365 రోజులూ పండేది ఒకటుంది, అదీ ఇంటి లోపలే. దుమ్ము. వీధిలోది నాటు రకం. ఇంట్లోది హైబ్రిడ్.

ముందు నేల తయారీ. తాడిపత్రి బండలు ఒట్టిగా వదలొద్దు, మీద వినైల్ షీటు పరవాలి. దాన్ని మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు షీటులోని పీవీసీ ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకుని ఉండవు. మే నెల ఎండకు గది కాగిందంటే మరింత జోరుగా బయటికొచ్చి దుమ్ము మీద కూర్చుంటాయి. చినిగిన పాత ఫోమ్ సోఫా కూడా పారేయొద్దు. మంట అంటుకోకుండా కలిపే పెంటా-బీడీఈ అనే రసాయనం అందులో ఉందా, మీ అదృష్టం పండినట్టే! మొండి విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందం జాబితాకు 2009లో ఎక్కిన సరుకది. రాత్రిళ్లు దోమల మందు. ఎండా వానా తగలవు గనుక ఈ రసాయనాలన్నీ ఇంట్లో త్వరగా విచ్ఛిన్నం కావు. కిటికీలు మూసే ఉంచాలి.

పండగకు గోడలు గీకేటప్పుడు ఉప్పుకాగితం పొడిగానే రుద్దండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. కింది పాత పొరలకు ఆ సంగతి తెలీదు పాపం. గోడ తడిపితే సీసం లేవదు, తడపకండి.

ఇక కోత. ఫ్యాను వేసి పొడి పొరకతో ఊడ్వాలి. లావు రేణువులు చేటలోకి పోతాయి. సన్నవి బరువుకు తగ్గట్టు పైభాగం ఎక్కువ కాబట్టి రసాయనాన్నీ ఎక్కువ పట్టుకుంటాయి. అవి లేచి గంటల తరబడి తేలి, మళ్లీ అక్కడే దిగుతాయి. విత్తనం ఖర్చు లేదు.

దిగుబడి పోయేది పాకే బిడ్డ నోట్లోకి. చేతులు చీకుతూ రోజుకు పదుల మిల్లీగ్రాములు మింగుతుంది. ఒంటి బరువుతో పోలిస్తే పెద్దలెవరూ ఆ లెక్కను అందుకోలేరు.

చీడలు తక్కువే గానీ మొండివి. అన్నిటికన్నా చెడ్డది తడిగుడ్డ, అందులోనూ ఫ్యాను రెక్కలు, బీరువా పైభాగం తుడిచి, నీళ్లు మార్చి, చివర్న నేలకు దిగే రకం. చెప్పులు గడప బయటే విడవడం, అన్నం ముందు బిడ్డ చేతులు సబ్బుతో కడగడం కూడా పంటను తినేస్తాయి. మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో భయం లేదు, మన మనిషే. లావు దుమ్ము సంచిలో దాచి, సన్నదాన్ని వెనక నుంచి గదిలోకే వదులుతుంది. షాపువాడు సన్న దుమ్మునూ పట్టేసే హెపా ఫిల్టరున్నది చూపిస్తే మాత్రం ఖరీదెక్కువని చెప్పి వచ్చేయండి.