ఆడవాళ్ల బీఎంఐ: సముద్రం దాటితే తగ్గును

ఆడవాళ్లు సన్నబడటానికి వాకింగులూ జొన్నరొట్టెలూ అక్కర్లేదని గణితం రుజువు చేసేసింది. విమానం టికెట్టు చాలు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న ఇల్లాలి సంగతే చూడండి. మీటర్లలో ఎత్తు 1.55ని 1.55తో గుణిస్తే 2.40. దాంతో 58ని భాగిస్తే 24.1. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే ఈ అంకే బీఎంఐ. మన దేశపు లెక్కలో 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. కాబట్టి శంషాబాద్‌లో ఆవిడ లావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు పట్టికలో 18.5 నుంచి 25 లోపు అంతా క్షేమమే కనక, డల్లాస్‌లో దిగేసరికి నాజూకు. దారిలో తిన్న ఉప్మా లెక్కలోకి రాదు.

అక్కడి డాక్టరమ్మ గట్టిదైతే మాత్రం చిక్కే. ఆసియా మూలాలున్నవాళ్లకు 23 దగ్గరే షుగరు పరీక్ష చూడమంటుంది అమెరికా డయాబెటిస్ సంఘం. అదే బరువుకు మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ.

ఇంతకీ ఈ సూత్రకర్త వైద్యుడు కాడు. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు క్వెట్లే, 1830ల్లో ‘సగటు మనిషి’ని వెతుకుతూ కట్టిన లెక్క ఇది. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ బృందం దీనికి ఇప్పటి పేరు పెట్టినప్పుడు పరీక్షించిందీ మగవాళ్లనే. ఫలితంగా స్త్రీపురుషులకు ఒకటే గీత. సమానత్వం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకలేదు. ఒకే బీఎంఐ దగ్గర ఆడవాళ్లకు కొవ్వు శాతం ఎక్కువ. ముట్లు ఆగిపోయాక కండ కరిగి కొవ్వు పొట్టకు చేరినా కాటా అదే అంకె చూపిస్తుంది. గర్భిణికైతే గర్భానికి ముందున్న బరువుతోనే లెక్క.

ఇక కొలిచే విద్య. ఎత్తు పట్టీని కొప్పు మీద ఆనిస్తే రెండు సెంటీమీటర్లు ఉచితం, 24.1 కాస్తా 23.5. ఐదడుగుల రెండంగుళాలను యాప్‌లో 5.2 అడుగులని కొడితే ఇంకో సెంటీమీటరు. పట్టుచీరతో కాటా ఎక్కారో, ఆ లాభమంతా జరీ పాలు.

ఇంత తంటాలు పడేవాళ్లు కుట్టుమిషన్ సొరుగులోని టేపు మాత్రం ముట్టరు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టాలి. లంగా బొందు కట్టేచోటు నడుము కాదు. పొట్ట పెరిగేకొద్దీ బొందు కిందికి జారి అబద్ధం చెబుతుంది. కొలత 80 సెంటీమీటర్లు దాటితే బీఎంఐ 22 ఉన్నా షుగరు, బీపీ, కొలెస్టరాల్ చూపించుకోవాల్సిందే.

పెళ్లిచూపులకు మాత్రం టేపు పట్టుకెళ్లకండి. అక్కడ అబ్బాయి మేనత్తగారు గుమ్మంలోనే, దశాంశంతో సహా, కంటితో తేల్చేస్తారు. అబ్బాయి బీఎంఐ అడిగితే జాతకంలో లేదంటారు.